పోగొట్టుకొనదగినది, పోగొట్టుకొనరానిది

పేకాటవలన అమ్ముడుపోయిన పొలములను, పస్తులున్న బిడ్డలను మనము ఎరుగుదుము. పందెము కాచి ఆడుట తగదు. అయినను ప్రభువు అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ముందుచూపును బోధకు వాడుకొనెను గాని, వాని మోసమును మెచ్చుకొనలేదు. ఆలాగే లోకస్థుల ఆటయొకటి చూచి, మనము ఏది పోగొట్టుకొనవచ్చునో, ఏది పోగొట్టుకొనరాదో ఆలోచింతము.

బ్రిడ్జి అను ఆటను నలుగురు, ఇద్దరిద్దరు జతగా, 52 ముక్కలతో ఆడుదురు. ఒక్కొక్కరికి 13 ముక్కలు వచ్చును. 1925లో అమెరికా దేశస్థుడైన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ దీనికి కొత్త లెక్కల పద్ధతి కూర్చెను. వేలమువలె పాట పాడి, ఇన్ని పట్లు గెలిచెదమని ఒక జత మాట ఇచ్చును. ఆ మాట నెరవేర్చవలసినవానిని డిక్లేరరు అందురు. ఎదుటివారు మొదటి ముక్క వేయగానే అతని జతగాడు తన ముక్కలన్నియు బల్లపై పరచి ఊరకుండును. రెండు చేతుల ముక్కలను డిక్లేరరే ఆడవలెను. మంచి ఆటగాడు తొందరపడడు. తొమ్మిది పట్లు కావలెను, నిశ్చయమైనవి ఏడే ఉన్నవి, తక్కిన రెండు ఎక్కడినుండి వచ్చునని ముందుగా లెక్కించును. గోపురము కట్టువానిగూర్చి ప్రభువు నేర్పినది ఇదే గదా! మనమో, పెండ్లికి అప్పు చేసిన పిమ్మట లెక్క చూతుము.

మరియొక సంగతి. తురుపు లేని ఆటలో ఎదుటివారు తమకు బలమైన రంగు వేయుదురు. ఆ రంగులో డిక్లేరరుకు ఆసు ఒక్కటే ఆధారము. అతడు రెండు పర్యాయములు ఆసు వేయక పట్లు విడిచిపెట్టి, మూడవసారి వేయును. అప్పటికి ఎదుటివారిలో ఒకనికి ఆ రంగు అయిపోవచ్చును. పిమ్మట వాడు పట్టు గెలిచినను తన జతగానికి ఆ రంగు అందింపలేడు. జానెడు గట్టుకొరకు కోర్టుకెక్కి ఎకరము అమ్ముకొనినవాడు ఈ పాటి ఓర్పు నేర్చుకొనలేదు.

అయితే సంఘపెద్దలారా, ఆట నేర్పునది ఇంతవరకే. విడిచిన చిన్న ముక్క ఏడ్వదు. విడిచిన మనుష్యుడు ఏడ్చును. సంఘములో తగవు పుట్టినప్పుడు, ఒక్క బీదకుటుంబము పోయినను తక్కినవారు నిలుతురని లెక్క వేయువారు కలరు. ఒకడు చచ్చుట అందరికి మేలని లెక్క చెప్పినవాడు కయప. ప్రభువు లెక్క అది కాదు. తప్పిపోయిన ఒక్క గొఱ్ఱెను వెదకు కాపరి లెక్క ఆయనది. ఆయన పరుల ప్రాణమును ఒడ్డలేదు. తన ప్రాణమునే పెట్టెను.

కాబట్టి నా గౌరవమును, నా గట్టును, వాదములో నా గెలుపును పోగొట్టుకొనుటకు నాకు అధికారము కలదు. నా సహోదరుని పోగొట్టుటకు లేదు. ఈ ఆదివారము ప్రభువు బల్లయొద్దకు రాని యింటివారెవరో లెక్కించుడి. ఆ గడప తొక్కినయెడల మీ గౌరవము కొంత పోవునేమో, పోనిండు.