అడుగు వేసేది ఎవరు?



మన ఆర్మూర్ దిక్కు జనవరి వచ్చిందంటే పసుపు తవ్వకం మొదలైతది. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టి, బస్తాలకెత్తి మార్కెట్‌కు తోలుతారు. ఆ రోజుల్లో లారీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. హమాలీ అన్న వీపు మీద బస్తా ఉంటది. లారీకి ఆనించిన చెక్క మూరెడు వెడల్పు కూడా ఉండదు. అన్న కిందికి చూడడు. పక్కవాళ్లతో మాట్లాడుకుంటనే ఎక్కిపోతాడు. చెక్క వంగితే మోకాలు సర్దుకుంటది. బస్తా ఒక పక్కకు ఒరిగితే నడుము ఇంకో పక్కకు తిరుగుతది. "ఏ కండను ఎంత బిగించినవే అన్నా?" అని అడిగి చూడండి. నవ్వుతాడు. ఆయనకు తెలియదు. మరి ఆ లెక్క ఎవరు చూస్తున్నట్టు?

వైద్యశాస్త్రం దీనికి జవాబు చెబుతుంది. మన కండల్లో దారం వడికే కదురు ఆకారంలో, నడుమ లావుగా చివర్లు సన్నగా, చిన్న చిన్న గ్రాహకాలు ఉంటాయి. కండ ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అన్నది అవి పసిగడతాయి. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులో ఇంకో రకం గ్రాహకాలు ఉంటాయి. కండ ఎంత బలంగా లాగుతున్నదో అవి పసిగడతాయి. ఈ కబుర్లు నరాల వెంట, సెకనుకు దాదాపు 100 మీటర్ల వేగంతో, వెన్నుపాములోకి పోతాయి. కాళ్ల కబురు అక్కడ క్లార్క్ స్తంభం అనే నాడీకణాల వరుసలో చేతులు మారి, పైకెక్కి, తల వెనుక భాగంలో ఉన్న చిన్నమెదడుకు చేరుతుంది. కుడికాలు కబురు చిన్నమెదడులో కుడివైపుకే, ఎడమకాలు కబురు ఎడమవైపుకే పోతుంది.

చిన్నమెదడు మొత్తం మెదడులో పదో వంతు మాత్రమే. కానీ మెదడులోని నాడీకణాల్లో సగానికి పైగా అందులోనే ఉన్నాయి. కాలు ఎక్కడ ఉండాలని అనుకున్నాం, నిజంగా ఎక్కడ ఉంది అన్నది పోల్చుకుని, తేడా ఉంటే సరిచేయడం దాని పని. ఈ పని అంతా మన ఎరుకలోకి రాకుండానే జరిగిపోతుంది.

ఇప్పుడు మీరు కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తండి. చెయ్యి ఎక్కడున్నదో తెలుస్తున్నది కదా? అది వేరే దారిలో పెద్దమెదడుకు చేరిన కబురు. ఒకే చెయ్యి నుంచి రెండు దారులు. ఒకటి మన ఎరుకకు వస్తుంది, ఇంకొకటి రాదు.

బుద్ధుడు చిన్నమెదడు గురించి బోధించాడని మనం చెప్పుకోవద్దు. లేనిది అంటగడితే ధమ్మానికి గౌరవం పెరగదు. కానీ ఆయన సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు ఒక సంగతి చూడమన్నాడు: ఈ శరీరమే "నేను" అయితే, ఇది నేను చెప్పినట్టు ఉండాలి కదా, మరి ఉంటున్నదా? హమాలీ అన్న ఒంట్లో "నేను" అనేవాడి హుకుం లేకుండానే లెక్కలేనన్ని కబుర్లు నడుస్తున్నాయి. కారణాలన్నీ కలిస్తే అడుగు పడుతుంది. "నా బలం, నా ఒడుపు" అని గర్వపడుదామంటే లోపల యజమాని దొరకడు. రేపు వయసు మీదపడి కాలు తడబడితే, "నా బతుకే పాడైపోయింది" అని కుమిలిపోవాల్సిన పని కూడా లేదు.

అట్లయితే "నా చేతిలో ఏం లేదు" అని కూసోవచ్చా? కూసోవద్దు. బుద్ధుడు కర్మ అన్నది చేతనను, అంటే సంకల్పాన్ని. కాలు ఎట్ల పడాలో చిన్నమెదడు చూసుకుంటది. కాలు ఎటు పోవాలో చూసుకోవాల్సింది మనం. పొద్దూకి కూలి పైసలు చేతికి వచ్చినంక, ఆ కాలు ఇంటికి పోతదా, కల్లు దుకాణానికి పోతదా?

ఐదో శీలాన్ని ఇక్కడ పెట్టి చూడండి. మద్యం చిన్నమెదడు పనిని చెడగొడుతుంది. తాగినవాడు తూలేది అందుకే, ముక్కు మీద వేలు పెట్టమంటే తప్పేది అందుకే. ఏండ్ల తరబడి తాగితే చిన్నమెదడులో ఒక భాగమే కుంచించుకుపోవచ్చు. అప్పుడు తాగని రోజు కూడా కాళ్లు ఎడంగా వేసుకుని నడవాల్సి వస్తుంది. నిద్రమాత్రల మందు కలిపిన కల్తీ కల్లు ఇంకా ప్రమాదం. దానికి అలవాటు పడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే అటువంటి వాళ్లను తిట్టకండి, డాక్టరు దగ్గరికి తోడుపోండి. ఇంకొక మాట: తూలే ప్రతి మనిషీ తాగినవాడు కాదు. ఉన్నట్టుండి నడక తప్పితే అది పక్షవాతం కావచ్చు. నవ్వకుండా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. అది కరుణ.

మన పోచంపాడు దగ్గర పారే గోదావరి ఒడ్డునే, ఎక్కడో ఒకచోట, బావరి అనే గురువు ఉండేవాడని, తన 16 మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడని సుత్తనిపాతం చెబుతుంది. వారిలో అజితుడు, మనసులో పారే ప్రవాహాలకు అడ్డుకట్ట ఏది అని అడిగాడు. సతి, అంటే ఎరుక, అని బుద్ధుడు జవాబిచ్చాడు.

ఆ ఎరుకను మీరు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. పొలానికో యార్డుకో పోయేటప్పుడు ఇరవై అడుగులు ఫోన్ చూడకుండా నడవండి. కాలు లేస్తున్నది, ముందుకు పోతున్నది, నేలను తాకుతున్నది అని తెలుసుకోండి. చేతులు చాచినా, వంచినా తెలిసి చేయండి. కండల లోపలి కబురు మీకు తెలియదు, తెలియాల్సిన పని లేదు. దాని పని అది చేస్తుంది. అడుగుకు ముందు మనసులో లేచే కోరికను మాత్రం చూడండి. అది చెడ్డదిక్కుకు లాగితే అక్కడే ఆగండి. ఆగిన ఆ ఒక్క అడుగుతో ఒక ఇంట్లో ఆ రాత్రి కొట్లాట తప్పుతుంది, పిల్లల కడుపు నిండుతుంది.

భవతు సబ్బ మంగళం.