ఇల్లు మారిన ఉత్తరాలు

ఇల్లు మారే రోజున ఆడవాళ్లని ఎక్కువసేపు కూర్చోబెట్టేది వంటసామాను కాదు, బీరువా కాదు. గోడమూల తీగకు గుచ్చిన ఉత్తరాల దొంతర. పాత ఇన్‌లాండు ఒకటి చేతికి తగిలిందా, బయట బండివాడు కేకలేస్తున్నా సరే, చదవకుండా ఉండలేం. ఇది ఉంచాలి, ఇది చింపాలి అని ఏరుతూ కూర్చుంటాం. ఆ ఏరడంలో ఎంతమందికి తీర్పులు చెప్పేస్తామో మనకే తెలీదు!

ఇప్పుడా తీగ కంప్యూటర్లోకి వెళ్లింది. ప్రశ్న మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఏవి మోసుకుపోవాలి? ఏవి వదిలెయ్యాలి? అసలా హక్కు మనకెంత?

ప్రొద్దుటూరులో నేనెరిగిన పంతులమ్మ ఒకావిడ ఉన్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందని విని, పాత కంప్యూటర్ తీసేసి కొత్తది కొన్నారు. ఆవిడా, కాలం చేసిన ఆవిడ భర్తా థండర్‌బర్డ్‌లోనే ఉత్తరాలు చూసుకునేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే చిరునామా. పదిహేనేళ్ల ఉత్తరాలు.

థండర్‌బర్డ్ అనేది చదువుకునే కళ్లజోడు లాంటిది. కొత్త కంప్యూటర్లో ఉచితంగా మళ్లీ పెట్టుకోవచ్చు. ఉత్తరాలుండేది ప్రొఫైల్ అనే వేరే సంచిలో. చిరునామాల పుస్తకం, దాచుకున్న పాస్‌వర్డులు కూడా అందులోనే. ప్రోగ్రాం మూసేసి, ఆ సంచికి నకలు తీసి, కొత్త కంప్యూటర్లో పెట్టి, ‘ఇకమీదట దీన్నే తెరువు’ అని చెబితే పని అయిపోతుంది. ఐమాప్ పద్ధతిలో అయితే అసలు ప్రతులు సర్వర్లో ఉంటాయి కనుక కొత్త యంత్రంలోకి మళ్లీ దిగుతాయి. ఈవిడది పాప్ పద్ధతి. పోస్టుమాన్ ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోయినట్టే, ఇంటికి దించుకున్నాక సర్వర్లో ప్రతి మిగలకుండా పెట్టుకున్నారు. ఉన్నదల్లా ఆ పాత కంప్యూటర్లోనే. పోయిందా, పోయినట్టే.

చిక్కు వచ్చింది యంత్రంతో కాదు. పులివెందులలో ఉన్న ఆడబిడ్డతో పుట్టింటి భాగం విషయమై పెద్ద రభస జరిగింది. మాటలు పడిపోయి, ఉత్తరాల్లోనే దెప్పుకున్నారు. ఆ ఉత్తరాలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. జమ్మలమడుగు నుంచి సాయానికొచ్చిన కూతురు చూసి, “ఎందుకుమా ఇవన్నీ మోసకపోవడం? అత్త రాసినవి ఈడ్నే ఇడిసిపెట్టు” అంది.

పిల్ల మాట తప్పని ఎవరంటారు? తల్లి మనసు నొచ్చుకోకూడదని ఆ పిల్ల తాపత్రయం. కానీ ‘ఈడ్నే’ అంటే ఎక్కడ? ఆ పాత కంప్యూటర్లో. అది రేపు సెకండ్‌హాండు కొట్టుకో, ఇనుపసామాన్ల బండికో పోయేదే. యంత్రంలో ఉత్తరం తీసేయడం పొయ్యిలో వెయ్యడం లాంటిది కాదు సుమా! థండర్‌బర్డ్‌లో తీసేసి చెత్తబుట్ట ఖాళీ చేసినా, కంపాక్ట్ అనే పని జరిగేదాకా అక్షరాలు ఫైల్లోనే ఉంటాయి. ఆ తర్వాత కూడా డిస్కును పూర్తిగా తుడిస్తే తప్ప, తెలిసినవాళ్లు వెనక్కి తీయగలరు. మనం వద్దనుకున్న ఆడబిడ్డ కన్నీళ్లు ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పడతాయన్నమాట. ఎంత కోపమున్నా ఇంటి ఆడపడుచుకి చెయ్యదగ్గ పనేనా అది?

ఉత్తరం ఎవరిదని అడిగితే చట్టం చక్కగా చెబుతుంది. కాగితం అందుకున్నవారిది, రాత మీద హక్కు రాసినవారిది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు రాసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. చట్టం మాట అటుంచినా, ఒకరు మనల్ని నమ్మి రాసిన మాటకి మనం కాపలాదారులం. తిట్టు కూడా ఎదుటివాడు చదువుతాడన్న నమ్మకంతోనే కదా రాస్తారు!

ఇంకో సంగతి. వచ్చినవాటిలో ఆడబిడ్డ ఉత్తరాలు తీసేస్తే, పంపినవాటిలో భర్తగారి జవాబులు మిగులుతాయి. అటు మాట లేకుండా ఇటు మాట ఒక్కటే దాచుకుంటే అది జ్ఞాపకం కాదు, ఏకపక్షపు సాక్ష్యం.

కనుక నాకు తోచేదేమంటే, మారే రోజున తీర్పులు చెప్పకూడదు. 2020లో గండికోట జలాశయం నీళ్లు పెరిగి తాళ్లప్రొద్దుటూరువాళ్లు ఇళ్లు ఖాళీ చేశారు. నీళ్లు ముంచుకొస్తుంటే ఏది విలువైనదో తేల్చుకునే నిదానం ఎవరికుంటుంది? అందినవన్నీ ముందు గట్టెక్కించాలి. ఏరుకోవడం తర్వాత.

మన కడపకి 1820లో వచ్చిన బ్రౌన్ దొర చేసిందీ ఇలాంటి ఇల్లు మార్పే. బంగళా కొని, పండితుల్ని పెట్టి, తాటాకుల మీది కావ్యాలని కాగితం మీదికి ఎక్కించాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చమన్నాడు. తప్పులున్నాయని ముందే కొన్ని పారేసి ఉంటే ఇక పోల్చడానికేం మిగిలేది?

పంతులమ్మ సంచి మొత్తం మార్చుకున్నారు. కొత్తదాంట్లో అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే పాత డిస్కు తుడిపించారు. వానాకాలంలో ఓ మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, ఆ ఉత్తరాలన్నీ తేదీల వరసన చదివారు. మొదటి పరుషమైన మాట పులివెందుల నుంచి రాలేదు. తన ఇంటి నుంచే వెళ్లింది. అన్నేళ్లూ ఆవిడకది తెలీదు.

ఆ సాయంత్రమే ఆడబిడ్డకి ఫోను చేసి, “నువ్వు రాసిన జాబులు నా దగ్గరున్నాయి, ఏం చెయ్యమంటావు?” అని అడిగారట. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత అందిట: “నావి తీసెయ్ వదినా. మా అన్నవి మాత్రం ఉండనీ. తిట్టినా అవి మా అన్న మాటలే గదా.”

పారేసే హక్కు మనకుందా అని మొదట అడిగాను. ఉంది. కానీ రాసినవాళ్లు బతికుంటే ఒక్కమాట వాళ్లనడిగి పారేయడం మర్యాద. అలా అడగాలంటే, ఆ ఉత్తరం అప్పటిదాకా మన దగ్గర ఉండాలి కదా!