గుర్తుగా ఓ మేకు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రాన లేక్ జార్జ్ అనే మంచినీటి సరస్సుంది. 1758లో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఆ చుట్టుపట్ల యుద్ధం చేసుకుంటున్నారు. చలికాలం వచ్చిపడింది. పడవలకి కాపలా కాద్దామంటే కోట లేదు. ఉన్న కోటని ముందేడే ఫ్రెంచివాళ్ళు నాశనం చేశారు. అప్పుడు ఇంగ్లీషువాళ్ళు తమ పడవల్లో తామే రాళ్ళు నింపి ముంచేశారు! శత్రువు కంటపడకుండా నీళ్ళలో దాచుకున్నారన్నమాట. మరుసటేడు చాలావాటిని పైకి తీసుకున్నారు. కొన్ని అడుగునే ఉండిపోయాయి.

సముద్రంలో కర్రని తొలిచే పురుగు మంచినీళ్ళలో బతకదు. అందుకే వాటి అడుగు చెక్కలు ఇంకా నిలిచున్నాయి. ఒకచోట ఏడు పడవలున్నాయి. 1993 నుంచి, గాలిసీసా వీపుకి కట్టుకుని సరదాగా మునిగేవాళ్ళు వెళ్ళి చూసి రావచ్చు. చూడొచ్చుగానీ ముట్టుకోకూడదు. ఏదీ తెచ్చుకోకూడదు.

ఒక్క మేకు తెచ్చుకుంటే ఏం పోయింది? ఆ సిపాయిలు పోయి రెండొందల ఏళ్ళు దాటింది. ఎవరి సొమ్మని దొంగతనం?

మా పెద్దత్తగారు పోయినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. పన్నెండో రోజున ఆవిడ భోషాణం తెరిచాం. ఒకరు అడకత్తెర తీసుకున్నారు, ఒకరు వెండి కాటుకకాయ. నేను కుంకుమభరిణె తెచ్చుకున్నాను. "గుర్తుగా ఉంటుంది" అన్నాం అందరం. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తీసుకున్నాం, అందులో నటనేం లేదు. సాయంత్రానికి భోషాణంలో కర్పూరం వాసన మిగిలింది.

పరీక్షలు రాసి ఆలస్యంగా వచ్చిన ఆవిడ మనవరాలు, "అత్తయ్యా, అమ్మమ్మ పెట్టె ఒక్కసారి చూపించవూ?" అంది. మూత ఎత్తాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. చేత్తో అడుగంతా తడిమి, మూసేసింది.

ఆ మేకు ఎవరిదో నాకప్పుడు తెలిసింది. తర్వాత మునగబోయేవాళ్ళది.

అలాగని పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. భోషాణంలో ఉంటే ఆ భరిణె చీకట్లో నల్లబడేది. నా దగ్గర రోజూ కుంకుమతో కళకళలాడుతోంది. వాడుకుంటే ప్రాణం పోసినట్టు కాదూ? ఈ వాదన నాకు చాలా నచ్చుతుంది. మరీ నచ్చుతోందేమో అని అనుమానం కూడా.

పోయిన సంక్రాంతికి ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. రిక్షా దిగుతుండగానే, అద్దం ముందున్న భరిణె తీసి చీరల వెనకాల పెట్టేశాను.