వెనక్కొచ్చే దారి

మా తాతకి ఏడాదికి ఒక్కసారి ఎంచుకునే అవకాశం వచ్చేది. ఈ ఆసామి దగ్గరే జీతానికి ఉండాలా, ఇంకో ఆసామి దగ్గరకి మారాలా అని. అప్పు తీరితేనే మారేది. అప్పు తీరేది కాదు. మా నాయనకి ఆ పాటి అవకాశమూ లేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకి పోయాడు. పొమ్మన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, దారులు ఎక్కువైతే మనిషి ఏం చెయ్యాలి అని రాస్తున్నానంటే మా గూడెంలో నవ్వుతారు. నవ్వనీండి. ఇప్పుడు మా పిల్లల కష్టం నిజంగా అదే.

అమెరికాలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు 2000లో ఒక పరిశోధన అచ్చువేశారు. దుకాణంలో 24 రకాల జామ్ పెడితే, ఆగి చూసినవాళ్ళలో నూటికి ముగ్గురు కొన్నారు. 6 రకాలే పెడితే ముప్పై మంది కొన్నారు. ఎక్కువ ఉంటే మనిషి చేతులు ముడుచుకుంటాడని దీన్ని అందరూ ఉదహరిస్తారు. నాకు మాత్రం వేరే సంగతి తోచింది. జామ్ నచ్చకపోతే సీసా పారేసి రేపు ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఇంజినీరింగ్‌లో రెండేళ్ళు చదివాక ఇది నాది కాదనుకుంటే మా పిల్ల ఏ సీసా పారెయ్యాలి? ఉన్నవాళ్ళ పిల్లాడు ఒక ఏడు పోయినా మళ్ళీ కోచింగులో చేరతాడు. ఆ ఏడుని వాళ్ళు అనుభవం అంటారు. మా ఇంట్లో అయితే ఆ ఏడు అప్పు. దారులు ఇద్దరికీ ఒకటే. వెనక్కొచ్చే దారి ఒకరికే ఉంది.

నన్ను అందరూ టీచరుద్యోగం ఎంచుకున్నాడంటారు. నా చేతిలో ఎమ్మెస్సీ సీటు ఉంది, హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం ఉంది, 2018 డీఎస్సీ ఉంది. మూడు దారులే, ఎంచక్కా. కానీ మా నాయన దగ్గు ఒక దారినే చూపించింది. నెలనెలా జీతం వచ్చేది అదొక్కటే. దీనికి నేను ఏడవను, బడి నాకిష్టం. కాకపోతే దాన్ని ఎంపిక అంటే ఒప్పుకోను.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా మా జిల్లా మనిషే. బడిపంతులుగా చేశాడు, మూకీ సినిమాలకి పక్కన నిలబడి కథ చెప్పాడు, తెలుగు పండితుడయ్యాడు, యుద్ధకాలంలో ప్రచారం చేశాడు, మద్రాసు రేడియోలో పనిచేశాడు. ఆ వరస చూసి ఎన్ని అవకాశాలో అనుకునేవాళ్ళుంటారు. నాకు అందులో బతుకుతెరువు వెతుకులాటే ఎక్కువ కనిపిస్తుంది. ఆయన ఎంచుకున్నది పద్యం. హిందువుల కథలు రాస్తావా అని క్రైస్తవులు, నీకెందుకీ పద్యాలు అని అగ్రకులాలవాళ్ళు, ఇద్దరూ తిట్టినా దాన్ని వదల్లేదు.

ఇక అంబేద్కర్. హిందువుగా చావనని 1935 అక్టోబర్ 13న యేవలాలో చెప్పాడు. మా దాంట్లోకి రమ్మని అన్ని మతాలవాళ్ళూ పిలిచారు. సిక్కు మతం వైపు బాగా ఆలోచించాడు కూడా. బౌద్ధం తీసుకుంది 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ళు. తేల్చుకోలేకపోయాడా? నేనట్లా అనుకోను. ఆయన వెనక లక్షల మంది ఉన్నారు, వాళ్ళకి వెనక్కొచ్చే దారి లేదు. బౌద్ధం తీసుకున్న దళితులకి ఎస్సీ హోదా చట్టంలో తిరిగి దక్కింది 1990లో. క్రైస్తవం తీసుకున్నవాళ్ళకి ఇప్పటికీ లేదు. పల్నాడులో ఏ పల్లెకి పోయినా ఆదివారం పేరు ఒకటి, సర్టిఫికెట్టులో పేరు ఒకటి. దేవుణ్ణి ఎంచుకోవడానికి కూడా మా దగ్గర సుంకం వసూలు చేస్తారు.

ఇంటర్ అయిన పిల్లలు ఎండాకాలం చివర్లో నా దగ్గరకొస్తారు, ఆప్షన్లు పెట్టించమని. 1986లో మొదలైన ఎంసెట్‌నే మన రాష్ట్రంలో 2021 నించి ఈఏపీసెట్ అంటున్నారు. రాంకు వచ్చాక నెట్ సెంటర్లో కూచుని కాలేజీలు, బ్రాంచీలు వరసగా పెట్టుకోవాలి. ఎన్నయినా పెట్టుకోవచ్చు. కంప్యూటరు పైనించి చూసుకుంటా వచ్చి, రాంకుకీ రిజర్వేషనుకీ అందిన మొదటిదాన్ని ఇస్తుంది. అంటే బాగా ఇష్టమైనదాన్ని పైన పెట్టినందుకు కిందవేవీ పోవు. చిన్న సంగతే. మా పిల్లలు నమ్మరు. వచ్చేదాన్నే ముందు పెట్టు, పెద్దదానికి ఆశపడితే ఉన్నదీ పోద్ది అని ఇంట్లో నేర్పిన లెక్క. ఆ లెక్క కూలి కాడ నిజం. ఎక్కువ అడిగితే ఉన్న పనీ పోయేది. మిషను కాడ మాత్రం అబద్ధం. తరాల భయం వచ్చి నెట్ సెంటర్లో మౌస్ పట్టుకుంటుంది.

మొన్న వచ్చిన పిల్లది రొంపిచర్ల వైపు మాదిగపల్లె. తల్లి మిరపకాయ కోతలకి పోతుంది. పిల్లకి విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ మీద మనసు. పాస్టరుగారు ఒకటి చెప్పారు, మేనమామ ఒకటి, నెట్ సెంటరు కుర్రాడు ఇంకోటి. తల్లి నన్ను పట్టుకుంది.

"సారూ, నరసరావుపేట కాలేజీ అయితే పొద్దుగూకేసరికి ఇంటికొస్తది. అదే ముందు రాయండి. మీరు రాస్తే అది కాదనదు."

నిజమే, కాదనదు. అదే నా ఇబ్బంది. తాతకి ఆసామి రాసినట్టు ఈ పిల్లకి సారు రాస్తాడా? అట్లాగని, నీ ఇష్టం వచ్చింది పెట్టుకో తల్లీ అని చేతులు దులుపుకోవడమూ మర్యాద కాదు. అది పుస్తకాలు రాసేవాళ్ళ మాట. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే హాల్‌టికెట్ ఆపే కాలేజీలున్నాయి. ఆ రోజు అప్పు తేవాల్సింది తల్లే. ఆమె భయం అజ్ఞానం కాదు, లెక్క.

తెల్ల కాగితం తీసుకుని గళ్ళు గీశాను. ఏడాదికి చేతినించి ఎంత, ప్రభుత్వం ఇచ్చేది ఎంత, అది రాకపోతే ఎవరిని అడగాలి. చివరి గడికి 'తిరిగొస్తే' అని పేరు పెట్టాను. పిల్ల చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని, ఆ గడిలో 'డిగ్రీ, బీఈడీ' అని రాసింది. తల్లికి చదవడం రాదు, ఏం రాసిందని అడిగింది. చెప్పాను.

"తిరిగొస్తే ఇల్లు లేదా ఏంది?" అంది, కొంచెం కోపంగానే.

విశాఖ మొదట పెట్టింది, కాకినాడ రెండు, నరసరావుపేట మూడు. ఆ తర్వాత ఇంకో పద్దెనిమిది. సేవ్ నొక్కేటప్పుడు తల్లి వెనకనించి ఒకటే అడిగింది. హాస్టల్లో దుప్పటి వాళ్ళిస్తారా, మనమే తీసకపోవాలా అని.