అంగీ, పుస్తకాలు, మార్కు

వాక్యభాగం: 2 తిమోతి 4:9–21

డిసెంబరు రాగానే అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో చీటీల హడావుడి మొదలవుతుంది. ఆరాధన అయ్యాక బిర్యానీ ట్రేల పక్కన ఒక డబ్బా పెడతారు. ఎవరి పేరు వస్తే వాళ్లకు క్రిస్మస్ నాడు కానుక ఇవ్వాలి, 20 డాలర్లు మించకూడదు. పిల్లల పేరు వస్తే బతికిపోయినట్టే. ఏం కావాలో మనం అడగకముందే లింకు పంపిస్తారు. పెద్దవాళ్ల పేరు వస్తేనే చిక్కు. అంకుల్‌కి ఫోన్ చేస్తే, “నాకెందుకమ్మా ఇవన్నీ, దేవుడు అన్నీ ఇచ్చాడు” అంటారు. ఆంటీ అయితే “మీ ప్రార్థనలు చాలు” అంటారు. ఏం తోచక చివరికి ఒక సువాసన కొవ్వొత్తి కొంటాం. వచ్చే ఏడు అది మరో చీటీతో మరో ఇంటికి వెళ్తుంది. కొన్ని కొవ్వొత్తులు ఊళ్లోని తెలుగువాళ్ల ఇళ్లన్నీ చూసొచ్చాయని నా అనుమానం.

ఏమీ వద్దనడాన్ని మనం భక్తి ఖాతాలో వేసుకుంటాం. అందులో కొంత భక్తి ఉంటుంది. కొంత మొహమాటం, కొంత అలవాటు. ఇంకొంత భయం కూడా: అడిగితే చులకనైపోతామేమో, అడిగాక ఇవ్వకపోతే ఆ మాట మనసులో ఉండిపోతుందేమో అని. వయసు పెరిగేకొద్దీ ఈ చివరిది ఎక్కువవుతుంది.

పౌలు మాత్రం అడిగాడు. రోమాలో సంకెళ్లలో ఉన్నాడు. తాను వెళ్లిపోయే కాలం దగ్గర పడిందని ఈ అధ్యాయంలోనే రాసుకున్నాడు. నాలుగు వాక్యాలు తిరక్కుండానే తనకేం కావాలో వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చిన అంగీ తేవాలి. పుస్తకాలు తేవాలి, వాటిలో ముఖ్యంగా చర్మపు కాగితాలు. వస్తూ వస్తూ మార్కును వెంటబెట్టుకు రావాలి. అన్నిటికంటే ముందు తిమోతి రావాలి, అదీ చలికాలం మొదలవకముందే.

మంచి పోరాటం గురించి అదే అధ్యాయంలో ఉన్న మాటల మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. అంగీ దగ్గరికి వచ్చేసరికి బైబిలు మూసేస్తాం. నాకు మాత్రం అక్కడే కాలు ఆగుతుంది. ఎఫెసు నుంచి కొరింథు దాకా సంఘాలను నిలబెట్టిన మనిషికి చలేసింది. అంగీ తెమ్మని ఉత్తరంలో రాశాడు. ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు చెప్పినవాడూ ఇతనే. ఆ మాటను మనం “ఏమీ వద్దు”కు ఆధారంగా చూపించుకుంటాం. అయితే ఆ మాట రాసినదే ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీయులు పంపిన సామాన్లు ముట్టాయని చెప్పే ఉత్తరంలో. తృప్తిగా ఉన్న మనిషి వచ్చింది పుచ్చుకున్నాడు, రావలసింది అడిగాడు.

పౌలు అడుగుజాడల్లోనే మరో ఖైదీ ఇలాంటి ఉత్తరం రాశాడు. బైబిలును మూలభాషల నుంచి ఇంగ్లీషులోకి తెస్తున్న విలియం టిండేల్‌ను 1535లో పట్టుకుని బ్రస్సెల్స్ దగ్గర విల్వోర్డ్ కోటలో బంధించారు. ఆ చలికాలం అతను అధికారికి లాటిన్‌లో ఒక విన్నపం పెట్టుకున్నాడు. తలకు వెచ్చని టోపీ కావాలి, కాస్త మందపాటి కోటు కావాలి, కాళ్ల తొడుగులకు మాసికలేసుకోవడానికి గుడ్డ ముక్క కావాలి, చీకట్లో ఒంటరిగా కూర్చోలేకపోతున్నాను కాబట్టి సాయంత్రాలు ఒక దీపం కావాలి, వీటన్నిటికీ మించి హెబ్రీ బైబిలు, వ్యాకరణం, నిఘంటువు కావాలి. మరుసటి ఏడు అతన్ని చంపేశారు. పెద్దల కోరికల జాబితాల్లో ఇంతకన్నా నిజాయితీ గలది నేను చూడలేదు.

పౌలు చలికాలం ప్రస్తావన తేవడానికి అంగీ ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో మధ్యధరా సముద్రం మీద నవంబరు నుంచి మార్చి దాకా ఓడలు దాదాపుగా నడిచేవి కావు. అక్టోబరు పడవ తప్పితే తిమోతి మళ్లీ వసంతంలోనే బయల్దేరాలి. అప్పటికి పౌలు ఉంటాడన్న నమ్మకం లేదు. క్లారెన్స్ మకార్ట్నీ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు 1915లో ఫిలడెల్ఫియాలోని ఆర్చ్ స్ట్రీట్ చర్చిలో, చలికాలానికి ముందే రమ్మన్న ఈ ఒక్క మాట మీద ప్రసంగం చేశాడు. విన్నవాళ్లు మళ్లీ చెప్పమన్నారు. ఆ తర్వాత పిట్స్‌బర్గ్ వెళ్లినా, దాదాపు 40 ఏళ్లు ఏటా ఆకులు రాలే కాలంలో అదే ప్రసంగం చెబుతూ వచ్చాడు. తిమోతి వేళకు వెళ్లాడో లేదో లేఖనం చెప్పదు.

ఇక్కడి మన ఇళ్లలో ఆ పడవ ఇంకా ఉంది, రూపం మారిందంతే. వీసా స్టాంపు గడువు తీరినవాళ్లు ఇండియా వెళ్తే, కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్ అయితేగాని తిరిగి రాలేరు. ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000, ఏ దేశానికైనా మామూలుగా 7 శాతం దాటి దక్కవు. కాబట్టి మనవాళ్ల వరస ఏళ్ల తరబడి కదలదు. అవతల గుంటూరులోనో కడపలోనో అమ్మ ఫోన్లో, “నాకేం కొనొద్దురా, కుదిరితే ఒకసారి వచ్చిపో” అంటుంది. “కుదిరితే” అనేది మన మొహమాటం. పౌలు ఆ మాట వాడలేదు. త్వరపడి రమ్మన్నాడు, రావడానికి గట్టిగా ప్రయత్నించమన్నాడు.

మార్కు సంగతికి వద్దాం. మొదటి ప్రయాణంలో పంఫులియా దగ్గర పని వదిలేసి వెనక్కి వెళ్లిపోయిన కుర్రాడు అతను. రెండోసారి వెంట తీసుకెళ్దామని బర్నబా అంటే పౌలు ససేమిరా అన్నాడు. మాట పెరిగి, అంతకాలం కలిసి పనిచేసిన ఇద్దరూ చెరో దారి పట్టారు. అలాంటి మార్కును ఇప్పుడు పేరు పెట్టి అడుగుతున్నాడు. పరిచర్యకు పనికొస్తాడు, తీసుకురా అంటున్నాడు. ఒకప్పుడు పనికిరాడని తోసేసిన నోటితోనే. ఆ ఉత్తరంలోని ఆ ముక్క తిమోతి చదివి వినిపించినప్పుడు మార్కు మొహం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. అంగీ అందితే లాభం పౌలుకు. “మార్కు కావాలి” అన్నమాట వల్ల లాభం ముందు మార్కుకు. సంకెళ్లలో కూర్చుని, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేని మనిషి, కేవలం అడగడం ద్వారా ఒకరికి పోయిన పరువు తిరిగి ఇచ్చాడు.

మనం “ఏమీ వద్దు” అన్నప్పుడల్లా ఎదుటివాళ్ల చేతిలోంచి లాక్కుంటున్నది ఈ పరువే.

ఇవ్వడంలో ఉన్న పరువు సంగతి చెరసాలలో ఉన్నవాళ్లకు మనకన్నా బాగా తెలుసు. మేరీ కే బియర్డ్ బ్యాంకు దోపిడీల కేసులో అలబామాలోని టట్‌వైలర్ మహిళా జైల్లో ఆరేళ్లు గడిపింది. క్రిస్మస్‌కు చర్చిలవాళ్లు ఖైదీలకు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు తెచ్చి ఇచ్చేవారు. తల్లులు వాటిని వాడుకునేవారు కారు. దాచిపెట్టి, దొరికిన కాగితంలో చుట్టి, పిల్లలు చూడ్డానికి వచ్చిన రోజున కానుకగా ఇచ్చేవారు. సబ్బు తెచ్చినవాళ్ల మనసు మంచిదే. ఆ తల్లుల అసలు కోరిక మాత్రం లోపల ఉండి చూసినామెకు తెలిసింది: అమ్మ నాకిది ఇచ్చిందని పిల్లవాడు చెప్పుకోవాలి.

విడుదలయ్యాక ఆమె ప్రిజన్ ఫెలోషిప్ అనే జైలు పరిచర్య సంస్థలో చేరింది. దాన్ని 1976లో పెట్టిన చార్ల్స్ కోల్సన్ కూడా జైలు చూసినవాడే. అధ్యక్షుడు నిక్సన్ దగ్గర పెద్ద హోదాలో ఉండి, వాటర్‌గేట్ రోజుల్లో నేరం ఒప్పుకుని, 1974లో లోపలికి వెళ్లి ఏడు నెలలున్నాడు. 1982 క్రిస్మస్‌కు ఏదైనా చేయమంటే మేరీ కే అలబామాలోని షాపింగ్ మాల్స్‌లో క్రిస్మస్ చెట్లు పెట్టించింది. కాగితంతో దేవదూతలు కత్తిరించి, ఆడపిల్లలకు ఎరుపు, మగపిల్లలకు ఆకుపచ్చ, ఒక్కోదాని మీద ఒక ఖైదీ బిడ్డ పేరూ కావలసినదీ రాసి తగిలించింది. కొనడానికి వచ్చినవాళ్లు ఒక్కో దూతను తీసుకెళ్లారు. ఆ మొదటి ఏడు 556 మంది పిల్లలకు కానుకలు అందాయి. ఏంజెల్ ట్రీ అనే ఆ పని నేటికీ ప్రతి డిసెంబరులో దేశమంతా నడుస్తోంది. డబ్బు పెట్టినవారు ఎవరైనా కానుక వెళ్లేది లోపలున్న తల్లి పేరునో తండ్రి పేరునో.

ఇప్పుడు మన ఇంట్లో పై గదిలో ఉన్న పెద్దాయన సంగతి చూద్దాం. కూతురి పురుడుకు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి నాలుగు సూట్‌కేసులు, ఒక్కోటీ 23 కిలోలు. అందులో వాళ్ల బట్టలు ఒక మూలకు సర్దుకున్నాయి. మిగతాదంతా ఆవకాయ, కారప్పొడి, సున్నుండలు, మనవరాలికి పట్టు లంగా. ఇచ్చినంతసేపు వాళ్ల మొహాలు వెలిగాయి. సూట్‌కేసులు ఖాళీ అయ్యాక ఇవ్వడానికి ఇంకేం మిగల్లేదు. ఊళ్లో ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, సంఘ పెద్ద. ఇక్కడ కారు నడపలేరు, బయట మంచు, టీవీ పెట్టుకోవాలంటే మనవడు స్కూలు నుంచి రావాలి. ఆయన్ని పట్టుకుని “మీకేం కావాలి మావయ్యా” అంటే ఇంకేం చెబుతారు?

ఆయనకు ఇంకో స్వెటర్ కొనకండి. మూడు ఉన్నాయి. “మావయ్యా, క్రిస్మస్ ఈవ్ ఆరాధనలో లూకా రెండో అధ్యాయం మీరు చదవాలి” అని అడగండి. అత్తయ్యను అరిసెల పాకం పట్టడం నేర్పమనండి, పక్కనే నిలబడి నేర్చుకోండి, ఫోన్ జేబులో పెట్టుకుని. పురుడు పోసుకున్న అమ్మాయికి బట్టలొద్దు, రెండు గంటల నిద్ర కావాలి. బిడ్డను ఎత్తుకోవడానికి ఎవరైనా వస్తారా? ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సు చెల్లెలికి క్రిస్మస్ మధ్యాహ్నం వేడిగా ఒక క్యారేజీ కావాలి. ఇవేవీ చీటీ డబ్బాలో పట్టవు. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత ఉండనే ఉంది. కాబట్టి ఆ చెల్లెలు కూడా నోరు తెరిచి అడగాలి. అది ఆమెకు కష్టం, నాకు తెలుసు.

మన ప్రభువుకు అది కష్టమనిపించలేదు. బేత్లెహేములో ఆయన మొదట పుచ్చుకున్నది చుట్టుకోవడానికి పొత్తిగుడ్డలు. సుఖారు బావి దగ్గర, మిట్ట మధ్యాహ్నం ఒంటరిగా వచ్చిన సమరయ స్త్రీని దాహమిమ్మని అడిగాడు. జీవజలం సంగతి ఆ తర్వాత. జక్కయ్యను చెట్టు దిగమని, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలని తానే చెప్పాడు. పాపి ఇంటికి వెళ్లాడని జనం సణిగిన ఇల్లు అది. గెత్సేమనేలో ముగ్గురు స్నేహితులను ఒక్క గంట మెలకువగా ఉండమన్నాడు. వాళ్లు ఉండలేదు. అయినా వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లాడు. సర్వసృష్టికి కర్త అయినవాడికి ఎవరి చెంబుతో పని? ఆ ముగ్గురినీ పక్కన పెడితే, ఆయన అడిగినచోట అవతలి మనుషులు లేచి నిలబడ్డారు. సమరయ స్త్రీ కుండ అక్కడే వదిలి ఊళ్లోకి వెళ్లింది. జక్కయ్య ఆస్తిలో సగం పంచేశాడు.

ఈ రోజు పౌలులా ఒక ఉత్తరం రాయండి. వాట్సాప్ అయినా ఫరవాలేదు. ఒక వస్తువు అడగండి, ఒక మనిషిని అడగండి. చివర “వీలైతే” అని చేర్చకండి.

ప్రార్థన: తండ్రీ, నాకు కావలసినవి చెబుతున్నాను. మెట్లెక్కడానికి మోకాళ్లలో బలం కావాలి. అమ్మ వీసా ఇంటర్వ్యూకి ఫిబ్రవరిలోపు తేదీ దొరకాలి. రెండేళ్లుగా మాటల్లేని నా పాత స్నేహితుడు ఈ క్రిస్మస్‌కు మా ఇంటికి భోజనానికి రావాలి. పిలిచే ధైర్యం ముందు నాకివ్వు. ఆయన చేసే పులిహోర తినాలని ఉంది, తెమ్మని చెబుతాను. టట్‌వైలర్‌లో ఈ రాత్రి ఉన్న తల్లులను, వాళ్ల పిల్లలను గుర్తుచేసుకో. యేసు నామంలో అడుగుతున్నాను. ఆమెన్.