మంచి కథ, మామూలు సినిమా

మంచి సంగతి మీద తీసిన సినిమా బాగాలేదంటే పాపమా? వారం రోజులుగా ఈ ధర్మసందేహం నన్ను వదలడం లేదు.

2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ది సిక్స్ ట్రిపుల్ ఎయిట్’ చూశాను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఐరోపాకు పంపిన నల్లజాతి మహిళా దళం కథ అది. 1945 ఫిబ్రవరిలో మేజర్ ఛారిటీ ఆడమ్స్ నాయకత్వంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చేరేసరికి, సైనికులకు అందని ఉత్తరాలు కొండల్లా పేరుకుపోయి ఉన్నాయి. సుమారు కోటి 70 లక్షలు! ఒకే పేరున్న సైనికులు వేలమంది. 855 మంది ఆడవాళ్ళు రాత్రనక పగలనక ఎవరిది ఎవరికో తేల్చి, ఆరు నెలలు పడుతుందనుకున్న పని మూడు నెలల్లో ముగించారు.

ఇంత కథ చేతిలో పెట్టుకుని, డైరెక్టర్ టైలర్ పెర్రీ దాన్ని ఉపన్యాసాలకీ కన్నీళ్ళకీ అప్పగించేశాడు. నేనూ ఏడ్చాననుకోండి. కానీ ఉల్లిపాయ తరిగినా కళ్ళవెంట నీళ్ళొస్తాయిగా!

“పాపం, వాళ్ళ కథ కదా, బాగుందనెయ్యరాదూ?” అన్నారు మావారు. ఆ ‘పాపం’ దగ్గరే నాకు పేచీ. ‘వీళ్ళవల్ల ఏమవుతుంది’ అని ఆనాటి పెద్దలు అనుకోవడానికీ, ‘వీళ్ళకి ఈపాటి సినిమా చాల్లే’ అని మనం సరిపెట్టుకోవడానికీ తేడా ఏముంది?

పైగా సినిమాలో దుర్మార్గం చాలామటుకు ఒక జనరల్ నెత్తినే రుద్దారు. అరుస్తాడు, అవమానిస్తాడు. అతన్ని చూసి ఛీ అనుకోవడం ఎంత తేలిక! నిజంలో అన్యాయం ఎప్పుడూ అరుస్తూ రాలేదు. లండన్‌లో ఈ ఆడవాళ్ళ కోసం విడిగా ఒక హోటల్ ఏర్పాటు చేశారు. చేసినవాళ్ళు సదుపాయం అనే అన్నారు. మేజర్ ఆడమ్స్ ఒప్పుకోలేదు. దళమంతా ఆవిడ మాట మీదే నిలబడింది.

ఇదంతా తలుచుకుంటూ టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. కిటికీలో మా పనిమనిషి గ్లాసు, విడిగా. మేమూ ఏనాడూ అరవలేదు, మర్యాదగానే పెట్టాం. ఆ జనరల్‌ని తిట్టుకున్నంతసేపూ ఈ గ్లాసు నాకు గుర్తు రాలేదు. సినిమా బాగాలేదని నేను అంటున్నది అందుకే.

గ్లాసు కడిగి మా వాటిలో కలిపేశాను. మర్నాడు ఆవిడ కిటికీలో వెతుక్కుని, “అమ్మగారూ, నా గ్లాసేదండీ?” అంది.

పదేళ్ళుగా వస్తున్న మనిషికి ఏమని జవాబు చెప్పను?