వాల్వు మూసేది ఎవరి కోసం?

పోయిన డిసెంబర్లో ఒక శనివారం, మా పిన్ని కొడుకుతో కలిసి కూకట్‌పల్లి అవతల ఒక కార్ల షెడ్డులో మూడు గంటలు కూర్చున్నాను. వాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎండబ్ల్యూ 330ఐ లిఫ్టు మీద ఉంది. కింద నిలబడి చూస్తే ఎంత ఖరీదైన కారుకైనా పొట్ట కింద మట్టీ మసీ మామూలే. మెకానిక్ కుర్రాడు కంపెనీ సైలెన్సర్ విప్పి పక్కన పెట్టాడు. దాని స్థానంలో తళతళలాడే స్టీలు గొట్టం బిగించాడు. ఆఖర్న తాళంచెవి అంత రిమోట్ ఒకటి మావాడి చేతిలో పెట్టాడు. దాని మీద రెండే బటన్లు. ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి.

"మూసుంటే కంపెనీ బండి లెక్కనే ఉంటదన్నా, ఎవ్వరికీ ఇబ్బంది లేదు. తెరిస్తే మాత్రం..." అని మాట పూర్తి చేయకుండా బటన్ నొక్కించాడు. షెడ్డు రేకులు అదిరిపోయాయి. ఎదురుగా బండి దగ్గర టీ తాగుతున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టి మా వైపు చూశాడు. మావాడి మొహంలో ఆ క్షణాన కనపడిన సంతోషం అబద్ధం కాదు. నాకూ ఒళ్ళు ఝల్లుమంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది ఇంజన్ చప్పుడంటే గిట్టనివాడు రాస్తున్న వ్యాసం కాదు.

సైలెన్సర్ చేసే పని పైకి కనిపించదు. ఇంజన్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి వాయువు ఒక దెబ్బలా బయటికి తన్నుకొస్తుంది. నిమిషానికి కొన్ని వేల దెబ్బలు. సైలెన్సర్ డబ్బాలో చిల్లుల గొట్టాలు, చిన్న చిన్న గదులు, కొన్నింట్లో దూది లాంటి ఫైబర్ ఉంటాయి. ఆ తరంగాలు గోడలకు కొట్టుకుని, ఒకదాన్నొకటి చల్లార్చుకుని, చివరికి గొట్టంలోంచి చిన్న గొణుగుడుగా బయటపడతాయి. 1897లో అమెరికాలో రీవ్స్ అన్నదమ్ములు ఇలాంటిదానికి పేటెంటు తీసుకున్నారు. కారు నడిచిన కొన్నేళ్ళకే, దాని నోరు మూయించే సాధనం కావాలని మనుషులకు తోచిందన్నమాట.

వాల్వు ఉన్న ఎగ్జాస్ట్‌లో దారులు రెండు. ఒకటి డబ్బా గుండా పోతుంది, రెండోది నేరుగా బయటికి. ఆ నేరు దారిలో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. బటర్‌ఫ్లై వాల్వు అంటారు. చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది. రేకు అడ్డంగా ఉంటే పెద్దమనిషి, నిలువుగా తిరిగితే పోకిరి. మధ్యలో సగం తెరుచుకునే ఏర్పాటు కూడా ఉంది. కారు అదే, ఇంజన్ అదే, నడిపే మనిషీ వాడే. బయటి లోకానికి ఎంత వినపడాలో మాత్రం వాడి బొటనవేలి కింద ఉంటుంది.

ఆ రెండు మూడు వారాల్లో వాడితో చాలా తిరిగాను. తిరిగేకొద్దీ నా ధ్యాస శబ్దం మీద నుంచి వాడి బొటనవేలి మీదికి పోయింది. అపార్ట్‌మెంట్ గేటు రాకముందే మూసేవాడు. అసోసియేషన్ సెక్రటరీ గారు పడుకునే గది పార్కింగ్ మీదే. ఆఫీసు బేస్‌మెంట్లో మూసేవాడు. అత్తగారి వీధి మొదట్లో మూసేవాడు. దూరాన పోలీసుల బారికేడు కనిపిస్తే చెప్పనక్కర్లేదు. ఒకసారి ఒక పెద్ద ఆసుపత్రి ముందు కూడా మూశాడు. లోపల వాళ్ళ టీమ్ లీడ్ వాళ్ళ నాన్నగారు ఉన్నారట.

తెరిచే చోట్లు ఏవి? అండర్‌పాసులు, ఫ్లైఓవర్లు, రాత్రి పదకొండు దాటాక ఖాళీ అయ్యే రోడ్లు. అంటే, వాడి లెక్కలో, ఎవరూ లేని చోట్లు.

ఒక రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ దాకా వెళ్ళి, ఆరాంఘర్ దగ్గర పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి తిరిగి వస్తున్నాం. మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభాల మీద పోయే రోడ్డు అది. కొన్నిచోట్ల పక్క ఇళ్ళ బాల్కనీలు రోడ్డుకు సమానంగా ఉంటాయి. ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, ఎవరిదో వంటింటి కిటికీ అలా పక్కనుంచే పోతుంటాయి. టైము ఒంటిగంట కావస్తోంది. రిమోట్ నా చేతిలో ఉంది. "ఒకసారి నొక్కనా?" అన్నాను. "అడగాలా అన్నా" అని వాడు గేరు తగ్గించాడు. నొక్కాను.

నాలుగైదు సెకన్లు, అంతే. వెనక్కి తిరిగి చూస్తే ఒక మేడ మీద, అంతకు ముందు చీకటిగా ఉన్న కిటికీలో లైటు వెలిగింది.

అది మా వల్లే వెలిగిందని రుజువు లేదు. ఎవరో మంచినీళ్ళకు లేచి ఉండొచ్చు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళాల్సినవాళ్ళు అలారం పెట్టుకుని ఉండొచ్చు. కానీ మా వల్ల కాదనడానికి కూడా నా దగ్గర రుజువు లేదు. వాల్వు మూసి రిమోట్ వాడికిచ్చేశాను. ఆ తర్వాత ఇంటిదాకా ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. ఆపగలిగే వీలున్న శబ్దం తక్కువ తప్పా, ఎక్కువ తప్పా?

చూడగానే తక్కువ అనిపిస్తుంది. ఎప్పుడూ మోగే రేసింగ్ సైలెన్సర్ కన్నా, అవసరమైనప్పుడు నోరు మూసుకునేది నయమే కదా. మావాడి వాదన కూడా అదే: "నేను జాగ్రత్తగా ఉంటున్నా అన్నా." వాడన్నదాంట్లో నిజముంది. వాడి జాగ్రత్త వల్ల కొంతమంది నిద్ర మిగిలింది.

కానీ పాత స్కూటరు పొగగొట్టానికి చిల్లు పడి మోగుతుంటే ఆ చప్పుడులో స్కూటరు వాటా ఉంది, రిపేరుకు డబ్బుల్లేకపోవడానికి వాటా ఉంది. బటన్ వచ్చాక ఆ వాటాలన్నీ పోతాయి. తెరిచిన ప్రతిసారీ అది నడిపేవాడు ఎంచుకుని చేసిన పని. ఎక్కడ మూయాలో తెలిసినవాడికి, తెరిస్తే ఏమవుతుందో తెలియదనే వీలు లేదు. అత్తగారి వీధిలో మూసిన క్షణంలోనే అది ఎదుటివాళ్ళకు బాధ అని వాడు ఒప్పుకున్నాడు. మరి ఎక్స్‌ప్రెస్‌వే మీద నొక్కినప్పుడు నేను ఒప్పుకున్నదేమిటి? ఆ కిటికీ వెనక పడుకున్నవాళ్ళు నాకు లెక్కలోకి రారని.

మనకు మొహమాటం అని ఒక చక్కటి మాట ఉంది. పాత నిఘంటువుల్లో మొగమోటమి అని కనిపిస్తుంది. మొగం ఎదురుపడినప్పుడు కలిగే ఓటమి. ఎదుటి మనిషి మొహం చూసి మన ఇష్టాన్ని కాస్త తగ్గించుకుంటాం. మన ఊళ్ళల్లో, ఇళ్ళల్లో మర్యాదగా చెలామణీ అయ్యేదాంట్లో సగం దీని మీదే నడుస్తుంది. సెక్రటరీ గారికి, అత్తగారికి, టీమ్ లీడ్‌కి మొహాలున్నాయి. రేపు ఎదురుపడతారు. ఎక్స్‌ప్రెస్‌వే పక్క మేడ మీది మనిషికి మనవరకు మొహం లేదు. ఉత్త కిటికీ.

శబ్దానికి ఈ తేడా తెలియదు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి పక్క ఇళ్ళల్లో ఒక్క మొహం కూడా కనిపించదు, కానీ వాడి చప్పుడు మాత్రం అందరి మొహాల దాకా వెళ్తుంది. అందుకే ఇక్కడ మొహమాటం పనికిరాదు. అది ఆగిపోయిన చోట పనిచేసేది ఇంకేదైనా మనలో ఉందా, లేదా అన్నదే ప్రశ్న.

ప్లేటో 'రిపబ్లిక్' రెండో భాగంలో గైజీస్ ఉంగరం కథ వస్తుంది. లిడియా రాజు దగ్గర గొర్రెలు కాసేవాడికి ఒక ఉంగరం దొరుకుతుంది. దాని రాయిని లోపలికి తిప్పితే మాయమైపోతాడు, బయటికి తిప్పితే కనిపిస్తాడు. వాడు దాన్ని వాడుకుని రాణిని వశం చేసుకుని, రాజును చంపి, రాజ్యం తీసుకుంటాడు. ఎవరూ చూడరని తెలిస్తే మనిషి మంచిగా ఉంటాడా అని ఆ సంభాషణలో సోక్రటీస్‌ను అడుగుతారు. రిమోట్ పట్టుకున్నప్పుడు నాకా ఉంగరం గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. కాకపోతే మా ఉంగరంతో రాజ్యాలేమీ రాలేదు. నాలుగు సెకన్ల గర్జన వచ్చింది. అంత చిన్న సుఖానికి కూడా మనం ఉంగరం తిప్పుతామన్నది ప్లేటో కథలో లేని సంగతి.

దీనికి ఎదురు వాదనలున్నాయి. ఈ ఊళ్ళో హారన్లు లేవా, బరాత్‌లు లేవా, డీజేలు లేవా, అన్నీ వదిలేసి నా కారే దొరికిందా అని మావాడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ నలుగురు చెత్త వేసిన చోట ఐదోవాడు వేస్తే అది చెత్త కాకుండా పోదు. పైగా అర్ధరాత్రి లెక్క వేరు. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్ద శక్తి పదింతలవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు వినపడుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అవి మన కాలనీల్లో ఎంతవరకు అమలవుతున్నాయో చెవులున్న అందరికీ తెలుసు. అయినా రాత్రికి వేరే అంకె ఎందుకు పెట్టారో కూడా తెలుసు.

రెండో వాదన ఇంకా గట్టిది. ఆ శబ్దం అందమైనది, నకిలీది నాకొద్దు అని. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజన్ చప్పుడును స్పీకర్ల ద్వారా కారు లోపల వినిపించే ఏర్పాటు చేశారు. కారు ప్రేమికులు చాలామంది వెక్కిరించారు. మావాడికీ అదంటే చిరాకు. నాకది అర్థమవుతుంది. రికార్డు వినడం వేరు, కచేరీలో కూర్చోవడం వేరు. యంత్రం తన స్థితిని తానే చెప్పుకుంటుంటే వినడంలో ఒక సంబంధం ఉంది. కానీ కచేరీకి హాలు ఉంటుంది. టికెట్ కొన్నవాళ్ళు వస్తారు. కార్లకూ హాళ్ళున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒక ట్రాకు, కోయంబత్తూరు దగ్గర ఇంకొకటి. ట్రాకు దాకా మూసుకుని వెళ్ళి, అక్కడ తెరిచి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ మూసుకోవడం - వాల్వుకు ఇంతకన్నా గౌరవమైన ఉపయోగం నాకు తోచలేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం ఇంకోటుంది. బుల్లెట్ల నుంచి ఊడబీకిన సైలెన్సర్లను వరసగా రోడ్డు మీద పరిచి, పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించే ఫోటోలు మనందరం చూశాం. దొరికేది చాలావరకు బైకు కుర్రాళ్ళే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అందరికీ ఒకటే. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ బారికేడు దగ్గర వాల్వు మూసుకున్న సెడాన్ గొణుక్కుంటూ వెళ్ళిపోతుంది, పక్కనే బుల్లెట్ కుర్రాడు ఆగిపోతాడు. వాడు కొనగలిగింది శబ్దం ఒక్కటే. మావాడు రెండు లక్షల పైచిలుకు పెట్టి కొన్నది, ఆ శబ్దం నాది కాదని చెప్పుకోగల నిశ్శబ్దం.

షోపెన్‌హావర్ 1851లో అచ్చయిన పుస్తకంలో చప్పుడు గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో అతని కోపమంతా వీధుల్లో ఊరికే కొరడా ఝళిపించే బండివాళ్ళ మీద. ఆ చప్పుడు ఆలోచించేవాళ్ళ బుర్రల్ని ముక్కలు చేస్తుందని అతని బాధ. చదువుతుంటే నవ్వొస్తుంది, బండివాడి మీద అతని చిన్నచూపు చూస్తే చిరాకూ వేస్తుంది. ఇప్పుడు సీను తిరగబడింది. కొరడా షోపెన్‌హావర్ చదివేవాళ్ళ చేతికి వచ్చింది. తెల్లారి నాలుగింటికి పాల ప్యాకెట్లు వేయడానికి లేవాల్సినవాడు కిటికీ వెనక పడుకుని ఉన్నాడు. వాడు వ్యాసం రాయడు.

ఇవన్నీ మావాడితో చెప్పాలనుకున్నాను. గట్టిగా కాదు, టీ తాగుతూ, మాటల మధ్యలో. వాడు చెడ్డవాడు కాదు. చెబితే వింటాడు కూడా.

పోయిన నెలలో ఒక రాత్రి వాడే మా ఇంటికొచ్చాడు. పదకొండున్నర అయింది. అమ్మ అప్పుడే మాత్ర వేసుకుని పడుకుంది. వాడు చప్పుడు లేకుండా వచ్చి కారు కింద పెట్టి, బెల్లు కొట్టకుండా ఫోన్ చేశాడు. తలుపు తీయగానే గుసగుసగా అన్నాడు: "పెద్దమ్మ పడుకునుంటదని వీధి మొదట్లోనే మూసేశా. వినపళ్ళేదు కదా?"

వినపడింది. మా వీధిలో కాదు. అంతకు ముందు, మెయిన్ రోడ్డు మీద, రెండు వీధుల అవతల. ఎవడ్రా ఈ టైములో అని బాల్కనీలోంచి తిట్టుకున్నాను కూడా. అక్కడ ఒక హాస్టలుంది, ఒక చిన్న నర్సింగ్ హోము ఉంది.

వాడి మొహం చూశాను. మా అమ్మ కోసం అంత జాగ్రత్త తీసుకున్నందుకు మెచ్చుకుంటాననుకుంటున్నాడు.

"లేదురా, అస్సలు వినపళ్ళేదు" అన్నాను.